అధ్యక్షుడి మెడలో పట్టీ

ఆ శుక్రవారం ఉదయం ఇడ్వల్ ప్రాసర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నెస్టా తొమ్మిదింటికి ఊరి హాల్లో కుర్చీలు వేయించడానికి వెళ్తుంది. తొమ్మిదింబావుకి ఎర్ర పోస్టు వ్యాను వస్తుంది. ఆ పావుగంటలో తన కుక్క ఫ్లాస్ మెడకు, మీట నొక్కితే షాకు కొట్టే కరెంటు పట్టీ కట్టాలి. అది వ్యాను వెంట పడగానే ఒక్కసారి మీట నొక్కాలి. పదింటికల్లా పట్టీ దాచేసి ఏమీ ఎరగనట్టు టీ తాగాలి.

ఫ్లాస్ మంచి కుక్క. ఒక్క ఈల వేస్తే మూడు వందల గొర్రెలను కొండ మీద నుంచి దింపుకొస్తుంది. దానికున్న తెగులల్లా ఆ వ్యాను. దాన్ని కూడా మందలో కలిపేయాలని దాని పట్టుదల. ముందురోజు వ్యాను చక్రం దాని తోకను రాసుకుంటూ పోయింది. అది చూశాక ఇడ్వల్‌కు ముద్ద దిగలేదు. ఈసారి తోకతో పోదు, ప్రాణమే పోతుందని ఆయన భయం.

పట్టీ బావది. చెల్లెలు మెయిర్ మొగుడు పెర్సీ హాబ్డే వాగుకు అవతల, ఇంగ్లండ్ గడ్డ మీద, వేటకుక్కలకు తర్ఫీదు ఇస్తాడు. అక్కడ ఈ పట్టీ వాడొచ్చు. వాగుకు ఇవతల, వేల్స్‌లో, వాడితే నేరం. వాగు మోకాలి లోతు ఉంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ లోయలోని గొర్రెల కుక్కల సంఘానికి ఇడ్వల్ అధ్యక్షుడు, నెస్టా కార్యదర్శి. అవతల కూడా పట్టీలు నిషేధించమని సంఘం ప్రభుత్వానికి ఉత్తరం రాయాలా వద్దా అని ఆ మధ్యాహ్నం రెండింటికే హాల్లో చర్చ. రాయాలని నెస్టా మాట్లాడుతుంది, వద్దని పెర్సీ. ఎటూ మొగ్గకుండా మధ్యలో కూర్చోవాల్సినవాడు ఇడ్వల్.

అయినా ఇడ్వల్ ధర్మం తెలిసిన మనిషి. తను రుచి చూడనిది కుక్కకు పెట్టడు. దాని బిస్కట్లు కూడా కొరికి చూశాకే వేస్తాడు. అందుకని ముందు పట్టీని తన మెడకే బిగించుకున్నాడు. రిమోట్ మీద ఒకటి నుంచి పది దాకా అంకెలున్నాయి. రెండు దగ్గర పెట్టి నొక్కితే చీమ కుట్టినట్టయింది. "ఇంతేనా," అనుకుని విప్పబోతే బకిల్ బిగుసుకుపోయింది. రెండు చేతులతో గుంజడానికి రిమోట్‌ను గోడ మీద పెట్టాడు. ఫ్లాస్ దాన్ని నోట కరుచుకుని గేటు దగ్గరకు పరిగెత్తింది.

పళ్ళు తగిలి అంకె ఎక్కడికి తిరిగిందో గానీ ఇడ్వల్ అడుగున్నర ఎత్తు ఎగిరాడు. "ఒసేయ్, వదులే," అన్నాడు. వెయ్యి గజాల దూరం నుంచి పిలిచినా మాట వినే కుక్క తల పక్కకు వాల్చి ఆయన్ని చూసి, మళ్ళీ కొరికింది. ఆయన మళ్ళీ ఎగిరాడు. తను పళ్ళు నొక్కితే యజమాని గెంతుతాడని మూడోసారికే దానికి బోధపడింది. ఇక దాని సంబరం ఆపడం ఎవరి తరం?

అప్పుడే పోస్టు వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. ఫ్లాస్ దాని వంక చూడనైనా చూడలేదు. ఉత్తరాలు పట్టుకుని హేల్వెన్ దిగింది. ఇడ్వల్ కాలరు పైకెత్తి పట్టీ కప్పుకున్నాడు.

"ఏంటి బాబాయ్, పొద్దున్నే కసరత్తా?"

"నడుం పట్టేసిందమ్మాయ్. సాగదీస్తున్నా."

"ఇదేంటి దీని నోట్లో? హాల్లో ఫొటోలు మార్చే రిమోట్ కదూ? ఆదివారం నుంచి నెస్టా పిన్ని ఊరంతా అడుగుతోంది. దొంగపిల్లా, నువ్వా ఎత్తుకొచ్చింది?"

కాదంటే మరేంటి అంటుంది. హేల్వెన్ చెవిన పడ్డ మాట ఉత్తరాలతో పాటు నలభై ఇళ్ళకు చేరుతుంది. ఇడ్వల్ "అదే అయ్యుంటుంది," అన్నాడు.

"నేనిచ్చేస్తాలే. హాలు నా దారిలోనేగా," అంటూ ఆమె రిమోట్‌ను ప్యాంటుకు గట్టిగా తుడిచింది. ఇడ్వల్ గేటు పట్టుకుని పళ్ళు బిగించి సెలవు చెప్పాడు.

హాలు మైలు దూరం. పట్టీకి మైలున్నర దాకా అందుతుందని పెట్టె మీద రాసి ఉంది. పదకొండింటికి నెస్టా రిమోట్ పనిచేస్తుందో లేదో చూసుకుంది కాబోలు. అప్పుడు ఇడ్వల్ కొట్టం నిచ్చెన మీద ఉన్నాడు. ఎక్కువసేపు లేడు. బావకు ఎనిమిదిసార్లు ఫోను చేశాడు గానీ, కుక్కల మధ్య ఉన్నప్పుడు పెర్సీ ఫోను ఎత్తడు. కోసేద్దామంటే అది బావ సొత్తు. ఇక హాలు బయట బావను పట్టుకుని పట్టీ విప్పించుకోవడమే దారి. ఇడ్వల్ జూన్ ఎండలో ఉన్ని మఫ్లర్ చుట్టుకుని, ఫ్లాస్‌ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

రెండయినా పెర్సీ రాలేదు. హాలు నిండిపోయింది. మొదటి వరుసలో ఉపాధ్యక్షుడు టెగ్విన్ చట్టం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అధ్యక్ష కుర్చీ మీద ఆయనకు పదిహేనేళ్ళుగా కన్నుంది.

"గొంతా?" అన్నాడు మఫ్లర్ చూసి.

"గొంతే."

"మరి సభ నేను నడపనా?"

"అంత గొంతు కాదులే."

ఆ సంఘంలో గంట కొట్టే అలవాటు లేదు. కొడితే కుర్చీల కింద పడుకున్న ముప్ఫై కుక్కలూ లేచి మొరుగుతాయి. అందుకని మాట్లాడేవాళ్ళ సమయం అయిపోగానే అధ్యక్షుడు లేచి నిలబడతాడు. ఎంతటివాళ్ళయినా అక్కడితో ఆపి కూర్చోవాల్సిందే. ఎనభై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

నెస్టా ముందుకొచ్చింది. ఈ ప్రసంగం కోసం ఆమె మూడు వారాలు కష్టపడింది. "ముందు ఒక ఫొటో చూపిస్తాను," అంటూ రిమోట్ నొక్కింది.

అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు.

"అప్పుడే అయిపోయిందా?" అంది నెస్టా.

"లేదు లేదు. నువ్వు కానీ," అంటూ ఆయన కూర్చున్నాడు.

తెర మీద ఫొటో మారలేదు. నెస్టా గట్టిగా నొక్కింది. అధ్యక్షుడు ఇంకా గట్టిగా లేచాడు.

"ఏమయ్యా, నీ చెల్లెలి మొగుడి కోసం నా నోరు నొక్కేస్తున్నావా? ఇష్టం లేకపోతే ఇంట్లోనే చెప్పాల్సింది."

"పక్షపాతం," అన్నాడు టెగ్విన్, అందరికీ వినపడేంత మెల్లగా.

నాలుగోసారి లేచినప్పుడు నెస్టా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇడ్వల్‌కు కరెంటు కన్నా అదే ఎక్కువ తగిలింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేసరికి తలుపు తోసుకుని పెర్సీ వచ్చాడు. దారిలో ఎవరివో గొర్రెలు అడ్డం పడ్డాయట.

"తీసుకోండి అన్నయ్యా," అంటూ నెస్టా రిమోట్ ఆయన చేతిలో పెట్టింది. "నాకు మాట్లాడే యోగం లేదు. మీ ఫొటోలకైనా పనిచేస్తుందేమో."

పెర్సీ రిమోట్ చూసి తనదేనని గుర్తుపట్టాడు. బావ వంక చూశాడు. బావ వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. పెర్సీ బల్ల కింద చూశాడు. మెడ నిండా బొచ్చుతో ఫ్లాస్ నిద్రపోతోంది. ఆయనకు అంతా అర్థమైపోయింది. బావ పట్టీ ఫ్లాస్‌కు కట్టి తెచ్చాడు, పాపం పైకి చెప్పుకోలేక సిగ్గుపడుతున్నాడు.

"మాటలెందుకు?" అన్నాడు పెర్సీ సభ వైపు తిరిగి. "ఆ పట్టీ ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది. మీ అధ్యక్షుడి కుక్క మెడలోనే. దీన్ని హింస అంటున్నారుగా, చూడండి."

"బావా, ఆగు," అన్నాడు ఇడ్వల్. పెర్సీ నొక్కాడు. ఫ్లాస్ కదల్లేదు.

"చెవి కూడా ఆడించలేదు, చూశారా? ఇప్పుడు ఆరు పెడుతున్నా."

ఫ్లాస్ ఆవలించింది. అందరి చూపూ దాని మీదే ఉండడంతో అధ్యక్షుడు బల్ల అంచు పట్టుకుని వణకడం ఎవరూ గమనించలేదు. వెనక వరుసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"ఎనిమిది," అన్నాడు పెర్సీ ఉత్సాహంగా.

ఫ్లాస్ పక్కకు తిరిగి పడుకుంది. అధ్యక్షుడు బల్ల దాటొచ్చి టెగ్విన్ ఒళ్ళో పడ్డాడు. మఫ్లర్ బల్ల మీదే ఉండిపోయింది.

హాలంతా నల్ల పట్టీని చూసింది. టెగ్విన్ ఇడ్వల్ కింద నుంచి కాగితాలు లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "చట్టంలో కుక్క, పిల్లి అని ఉంది. అధ్యక్షుడు అని లేదు."

నెస్టా దగ్గరకొచ్చింది. సంచిలోంచి గొర్రెల గిట్టలు కత్తిరించే కత్తెర తీసి, పట్టీని రెండు ముక్కలు చేసింది.

"అమ్మా, అది నాది," అన్నాడు పెర్సీ.

"మీరు కాసేపు ఊరుకోండి అన్నయ్యా," అని నెస్టా మొగుడి వైపు తిరిగింది. "ఫ్లాస్‌కు కట్టాలనేనా తెచ్చావ్?"

"అవును," అన్నాడు ఇడ్వల్. "నిన్న చక్రం కింద పడబోయింది నెస్టా. అది చచ్చిపోతుందేమోనని భయమేసింది." మెడ రుద్దుకుని సభను చూశాడు. "నొప్పి సంగతి వదిలేయండి, ఓర్చుకోవచ్చు. అది తగిలినప్పుడల్లా నా కంటి ముందు మా ఆవిడుంది. నాలుగోసారికల్లా, మీట ఆమె చేతిలో ఉందని తెలిసి కూడా, ఆమె మొహం చూస్తేనే భయమేసింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం మాది. ఎందుకు తగులుతోందో తెలిసిన నాకే ఇలా ఉంటే, తెలియని ఫ్లాస్ ఎవర్ని చూసి భయపడేది? వ్యాన్నా, నన్నా?"



"నిజంగా అంత తగులుతుందా బావా?" అన్నాడు పెర్సీ.

"నువ్వెప్పుడూ పెట్టుకుని చూడలేదా?"

"నేనెందుకు పెట్టుకుంటాను?"

ఓట్లు వేయించాల్సిన అవసరం ఆ మాటతోనే తీరిపోయింది. అయినా వేయించారు. ఉత్తరం రాయాలని ముప్ఫై ఒకటి, వద్దని రెండు. పెర్సీ ఎటూ చెయ్యెత్తకుండా తెగిన పట్టీ ముక్కలు జేబులో వేసుకున్నాడు.

"ఉత్తరం రాద్దాం," అన్నాడు ఇడ్వల్ దిగులుగా. "కానీ రేపు తొమ్మిదింబావుకి మళ్ళీ వ్యాను వస్తుంది. నా కుక్కను నేనెలా కాపాడుకోను?"

"బాబాయ్," అంది తలుపు దగ్గర నిలబడ్డ హేల్వెన్. "ఇవాళ అది నా వ్యాను వంక చూడనే లేదు. నేను వచ్చినప్పుడూ, పోయేటప్పుడూ నిన్నే చూస్తూ కూర్చుంది."

నెస్టా మొగుణ్ణి ఎగాదిగా చూసింది. పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వింది. "అయితే గెంతు," అంది.

మరునాటి నుంచి రోజూ తొమ్మిదింబావుకి ఇడ్వల్ గేటు దగ్గర నిలబడి గెంతుతాడు. మెడలో ఏమీ ఉండదు. ఫ్లాస్ ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూస్తుంది. వ్యాను క్షేమంగా వెళ్ళిపోతుంది. టీ కప్పు పట్టుకుని నెస్టా కూడా కిటికీ దగ్గరకు వస్తుంది, ఆవిడకు ఇప్పుడు అది లేనిదే పొద్దుపోదు. దెబ్బ లేకుండా కుక్కను దారిలో పెట్టానని ఇడ్వల్ కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటాడు. అక్కడ ఎవరు ఎవరికి తర్ఫీదు ఇచ్చారన్న విషయాన్ని మాత్రం సంఘం ఇంతవరకు చర్చకు పెట్టలేదు.