కొత్త బండికి పాత సొట్టలు

ఆ రోజు పొద్దున శౌరి వేసుకున్న పథకం చిన్నదే. షూటింగులకు టిఫిన్లు పంపేసి జూబ్లీహిల్స్ షోరూముకు వెళ్ళడం, సాంబారు డ్రమ్ములు మోయగల గట్టి పికప్ బండి ఒకటి చెప్పడం, మధ్యాహ్నం వంట దించేలోగా ఇంటికి రావడం. సినిమావాళ్ళకు భోజనాలు పంపే ‘ధనమ్మ మీల్స్’కు అతను యజమాని. ధనమ్మ అతని భార్య, అంటే అతనికి యజమాని.

పాత వ్యానుకు ఆయువు మూడింది. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కడం మొదలుపెడితే, పైకి చేరేలోగా లోపలి పెరుగు మజ్జిగై, మజ్జిగ మీద వెన్న తేలేది. నలుగురు దిగి నెడితేగాని కదిలేది కాదు.

"తెల్లది తీసుకోండి. సోకులేం పెట్టించమాకండి," అని చెప్పి పంపింది ధనమ్మ.

షోరూములో ప్రణతి అనే అమ్మాయి అతన్ని గోడంత తెర ముందు కూర్చోబెట్టింది. వేలు తగిలితే చాలు, తెర మీది బండికి చక్రాలు మారుతున్నాయి, రంగులు మారుతున్నాయి.

"లోడ్ ఏం వేస్తారు సార్?"

చల్లటి గది, చేతిలో కాఫీ. సాంబారు అనడానికి శౌరికి నామోషీ వేసింది. "అదే... షూటింగ్ మెటీరియలమ్మా."

"అయితే హెవీ డ్యూటీయే సార్! ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టేద్దాం. ముందు వించ్ కూడా. బురదలో దిగబడితే ఇనపతాడు విసిరి తనను తానే లాక్కుంటుంది."

"ఫిల్మ్‌నగర్లో బురదెక్కడిదమ్మా?"

"వర్షం పడితే సార్?"

ఆ మాటకు హైదరాబాదులో కాపురమున్నవాడెవడూ ఎదురు చెప్పలేడు. వించ్‌తో పాటు నీళ్ళలో మునిగినా ఊపిరి పీల్చే గొట్టం, నెత్తిన వరస లైట్లు, ఏనుగు గుద్దినా ఏనుగే విచారించాల్సిన బంపరు అన్నీ చేరాయి. తెలుపు మీదికి వెళ్ళాల్సిన వేలు చివరికి పండుమిరప ఎరుపు మీద వాలింది. గుంటూరోడి వేలు కదా! పాత వ్యాను ఎక్స్‌చేంజ్‌లో పోయింది.

బండి వచ్చింది. పవిత్ర జలం చల్లడానికి చర్చి ఫాదర్‌గారు నిచ్చెన అడిగారని శౌరి ఉండే బోరబండలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శౌరి దాన్ని తిన్నగా నిర్మాత రవిచంద్ర ఆఫీసుకు తోలాడు. సోమవారం మొదలయ్యే ఆయన సినిమా భోజనాలను నమ్ముకునే ఇంత బండి కొన్నాడు మరి.

రవిచంద్ర బయటికొచ్చి, ఎర్ర బండిని వదిలేసి దాని వెనక వెతికాడు.

"పాత బండేదయ్యా?"

"ఇచ్చేశానండీ."

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "కొంప ముంచావు శౌరీ! నా హిట్లన్నిటికీ తొలిరోజు టిఫిన్ ఆ బండిలోంచే దిగింది. ఒక్కసారి వేరే బండిలో తెప్పించా. ఆ సినిమా పేరు మా ఇంట్లోవాళ్ళకే గుర్తులేదు! సోమవారం ఆ వ్యాను రావాలి. రాలేదా, భోజనాలు ఇంకొకళ్ళవి వస్తాయి."

శౌరి షోరూముకు పరుగెత్తాడు. అప్పటికే వ్యాను తుక్కుకు వెళ్ళింది, తుక్కువాడు ముక్కలు చేశాడు. మిగిలింది ‘ధనమ్మ మీల్స్’ అని రాసి ఉన్న తలుపు ఒక్కటే. దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికొస్తే, ధనమ్మ తలుపునూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"బానే ఉంది. మిగతా వ్యాను వాయిదాల్లో ఇస్తారా?"

సెట్లు వేసే బుజ్జి ఒక్కడే ధైర్యం చెప్పాడు. "జర ఫికర్ జెయ్యకే శౌరన్నా! అట్టముక్కలతోని కోటలు కట్టినోణ్ణి. గీ బండిని ముసల్దాన్ని జేసుడు ఎంత పని?"

ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, తుప్పు రంగు. పాత ఫోటో చూసుకుంటూ సొట్ట పక్కన సొట్ట పెట్టాడు బుజ్జి. పైన ఆ పాత తలుపు బిగించాడు. పెళ్ళికూతురికి ముసలమ్మ వేషం కడుతుంటే చూస్తున్న తండ్రిలా శౌరి పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

సోమవారం ఫిల్మ్‌నగర్ ఎత్తు కింద బండిని చూసి రవిచంద్ర కళ్ళు చెమర్చాయి. "దొరికిందన్నమాట! కాస్త ఒళ్ళు చేసినట్టుందేం?"

"మా ఇంటి తిండి కదండీ."

"సరే, ఇంజనాపు. నేను చెయ్యేసి నెట్టందే సెంటిమెంటు ఎలా పూర్తవుద్ది?"

ఆ ముక్క శౌరి మరిచేపోయాడు. నిర్మాత నెట్టాడు, లైటుమెన్లు నెట్టారు, ఫైటర్లు నెట్టారు, చివరికి హీరో కూడా చొక్కా మడిచి నెట్టాడు. బండి కొండలా కూర్చుంది.

"ఏంటయ్యా, భూమికి అతికించావా?" రవిచంద్ర మొహం వాడిపోయింది. "అపశకునం..."

భోజనాలు చేజారుతున్నాయని శౌరికి అర్థమైంది. లోపల కూర్చుని చాటుగా స్టార్టు మీట నొక్కాడు.

ఇంజను గర్జించింది. బండి ఒక్క దూకు దూకింది. సొట్టలు రాలాయి, తుప్పు రాలింది, ఆఖరికి తలుపు ఊడి నిర్మాత కాళ్ళ ముందు పడింది. ఎత్తు మీద నెత్తి లైట్లు వెలిగించుకుని పండుమిరప నిలబడింది. లోపల సాంబారు బొట్టు చిందలేదు.

శౌరి దిగి చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోయిందండీ..."

రాలిన ప్లాస్టర్ పిండితో ఒళ్ళంతా తెల్లబడ్డ రవిచంద్ర అరిచాడు. "నోర్ముయ్! పాము కుబుసం విడిచినట్టు పాతది వదిలి కొత్తది బయటికొచ్చింది, చూశావా! ఇంతకన్నా శకునం కావాలా? ఇక నా ప్రతి సినిమాకూ తొలిరోజు ఇలాగే జరగాలి!"

మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఈ సంగతి మిగతా నిర్మాతలకూ పాకింది. ఇప్పుడా హెవీ డ్యూటీ బండి ముహూర్తాల మధ్య ఎప్పుడు చూసినా ఎండలో ప్లాస్టర్ ఆరబెట్టుకుంటూ ఉంటుంది. సాంబారు మాత్రం ధనమ్మ కొన్న ట్రాలీ ఆటోలో వెళ్తోంది. అది తెల్లది.