మొక్కు సైకిలు

ఆ ఆదివారం లక్ష్మీప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, సైకిలెక్కడం, ఘాట్ రోడ్డు అడుగు నుంచి కొండమీది వ్యూపాయింట్ దాకా జరిగే పోటీలో ఆఖరివాడిగానైనా సరే పైకి చేరడం. కిందటేడు సగం దారిలో చతికిలబడి క్యాబేజీ లారీలో ఇంటికొచ్చాడు. అప్పట్నుంచి అరకులోయలో ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు. ఆఫీసులో అటెండరుతో సహా అందరికీ క్యాబేజీ బాబే.

"ఈసారి బీన్స్ లారీ చూసి ఎక్కండి, ఇంట్లో కూరల్లేవు" అంది భార్య జయశ్రీ.

"ఈసారి నా దగ్గర కేడెన్స్ ఉంది" అన్నాడాయన గంభీరంగా.

కేడెన్స్ అంటే నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరుగుతుందన్న లెక్క. బరువు గేరుతో కుస్తీ పట్టకుండా, తేలిక గేరులో కాళ్లు చకచకా ఆడిస్తే ఎంత ఎత్తయినా ఎక్కేయొచ్చని ఫోన్లో ఎవరో చెప్పగా విన్నాడు. ఆ చకచకా ఎంతన్నది మాత్రం ఎవరి కాళ్లను వాళ్లే అడిగి తెలుసుకోవాలట.

పోటీ నిబంధనలు కఠినమైనవి. కాలు నేలకు ఆనకూడదు, ఎవరి చేతా తోయించుకోకూడదు. ఈల మోగగానే కిందటేటి విజేత రవికుమార్ బరువు గేరు వేసి, సీటు మీంచి లేచి నిలబడి దూసుకుపోయాడు. మిగతావాళ్లూ అతని వెనకే మాయమయ్యారు. లక్ష్మీప్రసాద్ కాళ్లు మాత్రం కుట్టుమిషను తొక్కినట్టు ఆడుతున్నాయి. సైకిలేమో పాకుతోంది. మొదటి మలుపుకే గుండె గొంతులోకొచ్చింది.

అక్కడ టీ కొట్టు నడిపే పైడయ్య ఈ వింత చూసి గ్లాసు వదిలేసి లేచాడు.

"ఓరి నాయనో! కాళ్లు గిరగిరా తిరగతన్నాయి, సైకిలు కదల్దేటి? సైను ఊడిపోనాది! బేగి రండర్రా, తోద్దాం!"

సంతకు బయల్దేరినవాళ్లంతా బుట్టలు దించి పరుగెత్తుకొచ్చారు. లక్ష్మీప్రసాద్ పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క చెయ్యి తగిలిందా, మళ్లీ ఏడాదంతా క్యాబేజీయే.

"ముట్టుకోకండి! నన్నెవరూ ముట్టుకోకూడదు! నేను కాలు కింద పెట్టకూడదు!" అని రొప్పుతూ అరిచాడు.

చేతులన్నీ గాల్లో ఆగిపోయాయి. యర్రమ్మ అనే ముసలావిడ చెంపలేసుకుంది.

"తప్పు, తప్పు! బాబు మొక్కులో ఉన్నాడర్రా! దారియ్యండి!"

"మొక్కు కాదమ్మా, ఇది కేడెన్స్..."

"ఏ కొండ దేవుడైతే ఏటి బాబూ, దండం పెడతాం. నువ్వు ఆగకు!"

ఇక ఆ మాట ఘాట్ రోడ్డు మీద ఆయనకన్నా ముందు ఎక్కింది. పైడయ్య పై ఊరికి ఫోన్ చేశాడు. పై ఊరు ఆ పై ఊరికి చేసింది. ఆడవాళ్లు బిందెలతో పసుపు నీళ్లు దారంతా చల్లారు, చక్రం జారి ఆయన రెండుసార్లు లోయను దగ్గర్నుంచి చూసొచ్చాడు. సంతకు పోతున్న డప్పులవాడు గాసి తన డప్పు తీసి ఆయన పక్కనే నడుస్తూ, ఆయన పాదాల జోరు చూసి అదే జోరులో వాయించసాగాడు.

కాసేపటికి గాసి చేతులు నొప్పెట్టాయి. దెబ్బ కాస్త నెమ్మదించింది. లక్ష్మీప్రసాద్ కాళ్లు ఆయన్ని అడక్కుండానే డప్పు వెంట నెమ్మదించాయి. అప్పుడు జరిగింది అసలు విషయం. ఊపిరి దారిలో పడింది. తొడల్లో మంట చల్లారింది. ఒక గేరు పెంచినా అదే దరువు నిలిచింది. ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో వెతికిన తూకం తన కాళ్లలోనే దొరికేసరికి ఆయనకు పట్టలేని సంతోషం కలిగింది, గట్టిగా నవ్వేశాడు. సైకిలు ఊపందుకుంది. గాసి పరుగెత్తాల్సి వచ్చింది.

"దేవుడు పూనేసినాడు!" అన్నారు వెనకొస్తున్న జనం.

దారిలో ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాడు. ఆఖరి మలుపులో రవికుమార్ కనిపించాడు. మోకాళ్లు మొరాయించి, పెడల్ మీద నిలబడి మూలుగుతున్నాడు. అతనికి మొక్కేమీ లేదు గనక జనం జాలిపడి నలుగురు వెనక చేరి శక్తికొద్దీ తోస్తున్నారు.

"వదలండి బాబూ, నేను పోటీలో ఉన్నాను!" అని అతను మొత్తుకుంటున్నాడు.

"మాటాడకు గుంటడా, ఆయాసం ఎక్కువవుద్ది" అంటూ వాళ్లు తోస్తూనే ఉన్నారు.

నలుగురు తోస్తున్న ఆ సైకిలును లక్ష్మీప్రసాద్ దరువు తప్పకుండా దాటేశాడు.

పైన పోటీ నిర్వహిస్తున్న గణపతిరావు ఆయన చెయ్యి ఎత్తి పట్టుకుని, "విజేత లక్ష్మీప్రసాద్!" అని మైకులో అరిచాడు. బస్సులో ముందే వచ్చి నిలబడ్డ జయశ్రీ కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. అంతమందిలో ఆ పేరు పూర్తిగా విని లక్ష్మీప్రసాద్ గుండె పొంగిపోయింది.

కేడెన్స్ గురించి ఆయన ఆ సాయంత్రం రవికుమార్‌కు బొమ్మ గీసి మరీ వివరించాడు. రవికుమార్ శ్రద్ధగా విని, మరుసటి సంతలో కొండ దేవుడికని ఒక మేకపోతును కొన్నాడు.