ఏడు తరాల ఫ్లెక్సీ

ప్రతి ఇంట్లోనూ ఒక వంశచరిత్ర పరిశోధకుడు ఉండి తీరాలి. ఉంటే ఆ ఇల్లాలి జన్మ ధన్యం. అనుభవం మీద చెబుతున్నాను, నమ్మండి.

మొన్న మా ఇంట్లో మామిడికాయ తొక్కు సీసా దగ్గర పెద్ద గొడవైంది. భోజనాల బల్ల మీద తొక్కు సీసా పెట్టడం నేరమా? నేరమేనట! సీసా అడుగున ఉన్న నూనె గుండ్రటి మరకైంది. ఆ మరక సరిగ్గా మా ఆయన ముత్తాత మీద పడింది. ఆరు నెలలుగా మా బల్ల మీద ఆయన గీస్తున్న వంశవృక్షం చార్టు పరిచి ఉంది. అది ఎగిరిపోకుండా ఒక మూల డిక్షనరీ, ఇంకో మూల మా అత్తమ్మ పాత ఇసుర్రాయి. పూర్వీకులు బల్ల మీద, మేం కింద చాప మీద. మోకాళ్ళకు మంచి వ్యాయామం. చూశారా, మొదటి లాభం!

మా ఆయన కరుణాకర్ మంచిర్యాలలో బడిపంతులు. మా మామయ్య సాల్మన్ గారు మిషన్ హాస్టల్లో పెరిగిన అనాథ. మా అత్తమ్మ రిబ్కమ్మ గారింటికి ఇల్లరికం వచ్చి, శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. తండ్రి వైపు ఒక్క చుట్టం కూడా లేకుండా పెరగడం మా ఆయనకు చిన్నప్పటి నుంచీ ముల్లే. పెళ్ళిళ్ళలో 'మీది ఏ ఊరు?' అని ఎవరైనా అడిగితే చెప్పులు వెతుక్కునేవారు.

మామయ్య పోయాక ఆయన ట్రంకుపెట్టెలో బాయి నౌకరీ కాగితం ఒకటి దొరికింది. పేరు మొగిలి, తండ్రి దశరథం, కరీంనగర్ దిక్కు ఒక ఊరు. ఇంకేం కావాలి? బాప్తిస్మానికి ముందు మొగిలి, తర్వాత సాల్మన్. సర్కారు కాగితాల్లో పాత పేరు, చర్చి రిజిస్టర్లో కొత్త పేరు. మా సంఘంలో సగం ఇళ్ళ కథ ఇదే కాబట్టి, మా ఆయనకు అనుమానమే రాలేదు.

ఒక మనిషి ఎక్కడివాడో తెలియాలంటే ముందు రాష్ట్రమంతా ఎలా నిండిందో తెలియాలట. ఆ పాఠం నాకు వంటింట్లోనే జరిగింది. పాలు పొంగేటప్పుడు ఆయన అడవులు నరికించారు. పప్పు మాడేసరికి రైలు గోదావరి దాటింది. పత్తి వెంట మరాఠీవాళ్ళు వచ్చారు, బొగ్గు వెంట అందరూ వచ్చారు, వచ్చినవాళ్ళ పిల్లలు బొంబాయికీ దుబాయికీ పోయారు. మేం మాత్రం గోడకున్న మేకు కూడా కదపకుండా ఆదిలాబాద్ జిల్లా నుంచి మంచిర్యాల జిల్లాకు వలసపోయాం. చీపురు పట్టుకుని ఇంత విజ్ఞానం సంపాదించే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

చార్టు కూడా చూడముచ్చటగా వచ్చింది. ఏడు తరాల మగవాళ్ళు, పేరుపేరునా. పక్క గడుల్లో 'భార్య', 'భార్య', 'భార్య'. చివరి గడిలో మా అత్తమ్మ: 'తల్లి'. పేర్లు లేకపోతే ఎంత స్థలం మిగులుతుందో గమనించారా?

అత్తమ్మ మూడుసార్లు ఏదో చెప్పబోయింది. నీకు తారీఖులు యాదికుండవు, కాగితం అబద్ధమాడదు అని ఆయన మూడుసార్లూ ఆపేశారు. పరిశోధన అంటే క్రమశిక్షణ మరి!

కాగితంలో ఉన్న ఊళ్ళో చుట్టాలు కూడా దొరికారు, పై తరాల పేర్లన్నీ వాళ్ళు చెప్పినవే. దుబాయి నుంచి తిరిగొచ్చిన మల్లేష్ వాట్సాప్‌లో రోజూ 'కాకా, శుభోదయం' అంటాడు. వాళ్ళ మొగిలి తాత బాయి పనికని పోయి మళ్ళీ ఇల్లు చేరలేదట. ఆయన వంశం దొరికిందని ఆదివారం ఇరవై ఐదు మంది వస్తున్నారు. ఎవరు వండుతారని మాత్రం అడక్కండి. అది పరిశోధన పరిధిలోకి రాదు.

శనివారం మధ్యాహ్నం, ఆ చార్టునే పెద్దగా అచ్చు వేయించిన ఫ్లెక్సీ వచ్చింది. గోడకు కట్టి, మేం అన్నం తింటుండగా మా ఆయన పై నుంచి కింది దాకా చదివి వినిపించి, తనూ కంచం ముందు కూర్చున్నారు. అత్తమ్మ ముద్ద మింగి, నీళ్ళు తాగి, మెల్లగా అంది.

"గా మొగిలి మీ బాపు కాదు, కొడుకా."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది.

"మొగిలి మూడు దినాలు బాయిల దిగిండు. చీకటికి జడిసి, గా కాగితం మీ బాపు చేతుల పెట్టి భివండి దిక్కు మగ్గాల పనికి పోయిండు. మీ బాపు గా పేరు మీదనే దిగిండు. ఎవలకన్న చెప్తె నౌకరి పోతదని నోరు కట్టుకున్నం."

ఆ రోజుల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు పనిచేయడం బాయిల దగ్గర ఎవరికీ తెలియనిది కాదు. మా పరిశోధకుడికి తప్ప!

"అంటే డాడీ, గిన్నొద్దులు మనం కిరాయి తాతలతోని ఉన్నమా?" అంది మా అమ్మాయి స్తుతి. ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖం చూస్తే నాకూ నవ్వు రాలేదు.

"మరి మనమెవలం, అవ్వా?" అన్నారాయన. ఆరు నెలల్లో తల్లిని ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

"మీ బాపు దిక్కు ఆయనకే తెల్వదు. నా దిక్కు నాకెరుకే. మా అవ్వ గంగుబాయి. ప్రాణహిత అవుతలి నుంచి ఇసుర్రాయి నెత్తిన పెట్టుకొని వచ్చింది. గా రాయే నువ్వు కాగితం మీద పెట్టినవ్. గామె పేరు కాడి నుంచి రాసుకో."

అందరం బల్ల వైపు చూశాం. ఏడు తరాల పరాయివాళ్ళు ఎగిరిపోకుండా మా గంగుబాయి కాపలా కాస్తోంది.

మా ఆయన చెయ్యి కడుక్కుని ఫోన్ తీశారు, మల్లేష్‌ను రావద్దని చెప్పడానికి. అత్తమ్మ వేలు అడ్డం ఊపింది.

"రానియ్. ఆళ్ళ పిలగాని పేరు మీద మనింట్ల ముప్పయి ఏండ్లు పొయ్యి మండింది. కడుపునిండ బువ్వ పెడదాం. మొగిలి సంగతి నేనే చెప్త, ఆళ్ళకూ తెల్వాలె గద." నా వైపు చూసి మళ్ళీ కొడుకు వైపు తిరిగింది. "రేపు వంట నువ్వు చెయ్యి. ఇరవై ఐదుగురికి ఉప్పెంతనో ఏ కాగితంల ఉండదు. కోడల్నడుగు."