పచ్చనీళ్ళ దొంగ

“మనుషులు రెండు రకాలు, బావగారూ. దాచేవాళ్ళు ఒక రకం. నేను రెండో రకం.”

ఈ మహావాక్యం వెలువడినప్పుడు వక్త కారు కింద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. లోకానికి కనిపిస్తున్నవి అతని తెల్లని మేజోళ్ళు రెండు మాత్రమే. పరిశోధకుడి అడుగుల చప్పుడు నేరస్థుడి చెవిని పడరాదన్నది అతని సిద్ధాంతం కనుక, రంగంలోకి దిగే ముందు బూట్లు విప్పడం అతనికి నియమం. కళ్ళద్దాల దుకాణంలో చూపు కొలతలు తీసే ఉద్యోగం అతనిది. ఆ దుకాణం నుంచి తెచ్చుకున్న పెద్ద అద్దమొకటి సదా జేబులో ఉండటంచేత వీధి వీధంతా అతణ్ణి ‘భూతద్దం’ అని పిలిచేది. దానిని అతడు బిరుదుగా స్వీకరించాడు.

షెడ్డులో నిలబడి ఆ మేజోళ్ళతో సంభాషిస్తున్న బావగారు పుస్తకాలకు బైండింగు చేసే మనిషి. ఇంటి ముందుగది ఆయన దుకాణం, ఇంటి పక్క రేకుల షెడ్డు ఆయన కారుకు నివాసం. భార్య తమ్ముడి ప్రతిభ మీద ఆయనకు భ్రమలు లేవు. కిందటేడు ఇంట్లో తాళంచెవి కనిపించకపోతే, ఈ మహానుభావుడు పాలవాణ్ణి, పేపరువాణ్ణి వరసగా నిలబెట్టి విచారించి, చివరకు అది తన చొక్కా జేబులోనే దొరకగా, “దొంగ భయపడి తిరిగి పెట్టేశాడు” అని తీర్పు చెప్పి కేసు మూసేశాడు.

అయినా ఇవాళ బావగారే కబురు పెట్టి పిలిపించారు. కారణం ఆ కారే.

అది ఆయన తండ్రి వాడిన కారు. దానిలోనే ఆయన స్టీరింగు పట్టడం నేర్చుకున్నారు. సీట్లకు తొడుగులు స్వహస్తాలతో కుట్టారు. కారుతో వచ్చిన సూచనల పుస్తకానికి తోలు అట్ట కట్టి, మీద బంగారు అక్షరాలు అద్దారు. ఎంతటివారైనా సరే, ఆ కారులో కాలు పెట్టేముందు చెప్పులు విప్పవలసిందే. విప్పినవి పెట్టడానికి తలుపు పక్కన చిన్న పీట కూడా ఉంది.

అటువంటి కారుకు కొన్నాళ్ళుగా ఏదో జబ్బు పట్టుకుంది. ఇంజనును చల్లబరిచే ఆకుపచ్చని నీళ్ళు, అదే కూలెంట్, గీత దాకా నింపినా నాలుగు తిరుగుళ్ళకే అడుగంటుతోంది. కొండదారి ఎక్కబోతే బానెట్ సందుల్లోంచి ఆవిరి. కిందికి వంగి చూస్తే నేల మాత్రం పొడిగా ఉంది. మెకానిక్ వచ్చి, అన్ని గొట్టాలూ తడిమి, పెదవి విరిచాడు.

“బయట ఎక్కడా కారట్లేదు సార్. కారకుండా తగ్గుతోందంటే ఇంజనే లోపల తాగేస్తోందని. మొత్తం విప్పాలి. ఈ వయసు బండికి అంత పని ఎందుకు చెప్పండి. వదిలించుకోండి.”

ఆ మాట ఇల్లాలి చెవిన పడింది. ఆమె ఆ పూటే పాత ఇనుము కొనేవాడికి ఫోను చేసి, ఆదివారం పొద్దున్న రమ్మంది. ఇవాళ శుక్రవారం.

మేజోళ్ళు కదిలాయి. భూతద్దం బయటికి పాకి వచ్చి, వీపు దులుపుకొని, గంభీరంగా నిలబడ్డాడు.

“నేల మీద చుక్క ఉందా, బావగారూ?”

“లేదు.”

“చుక్క లేదు, అంటే కారలేదు. కారలేదు, అయినా తగ్గింది. అంటే ఎవరో తీశారు. ఇది రోగం కాదు. దొంగతనం.”

“ఆ నీళ్ళు ఎత్తుకుపోయి ఎవడేం చేసుకుంటాడోయ్?”

“ఆ ఒక్కటీ తెలిస్తే కేసు తేలిపోయినట్టే. ఒకటి మాత్రం ఇప్పుడే చెప్తున్నా, రాసిపెట్టుకోండి. ఇది లోపలివాళ్ళ పని.”

బావగారికి నవ్వు రావలసింది. రాలేదు. దొంగ ఉన్నాడంటే ఇంజనులో దోషం లేదు. ఇంజనులో దోషం లేకపోతే ఆదివారం ఆ పాత ఇనుము మనిషి వచ్చిన దారినే పోతాడు. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు ఆయన ఆ దొంగను పట్టుకున్నారు.

“సరే,” అన్నారు. “ఎవరిని అడుగుదాం?”

మొదటి అనుమానితురాలు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. భూతద్దం గుమ్మంలో కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. ఉల్లి ఘాటుకు కళ్ళు చెమర్చినా చూపు మరల్చలేదు.

“అక్కా, ఆ కారంటే నీకు పడదు. ఔనా కాదా?”

“పడదు.”

“చూశారా బావగారూ, ఎంత తేలిగ్గా ఒప్పుకుందో. ఎందుకు పడదు?”

“ఎందుకేంటిరా. అందులో కూర్చున్నప్పుడల్లా కాళ్ళు తడుస్తాయి. చెప్పులు విప్పించేస్తారుగా, ఒట్టి కాళ్ళేగా మరి. ముందద్దం లోపలివైపు మసకేస్తుంది. దగ్గుమందు సీసా మూత తీసినట్టు ఏదో తీపి వాసన. మీ బావకి చెప్తే నా గొడుగు నీళ్ళంటారు. నేనసలు ఎక్కడమే మానేశాను.”

“అడిగినదానికి జవాబు చెప్పు చాలు. కేసుకి సంబంధం లేనివి వద్దు.”

“పాపం కార్పెట్ పాడవుతోందనే కదా,” అన్నారు బావగారు కాస్త తగ్గుస్వరంతో, “నువ్వు కూర్చునే వైపు రెగ్జిన్ పరిచి అంటించాను. తర్వాత తడిసిందా?”

“ఎక్కితేగా తెలియడానికి.”

“కాళ్ళ సంగతి మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి,” అన్నాడు భూతద్దం. “అక్కా, నువ్వు ఊరు విడిచి వెళ్ళకూడదు.”

“సాయంత్రం కూరగాయలకి వెళ్ళాలి. ఆ సంచీ నువ్వు మోస్తావా?”

పరిశోధకుడు మోస్తానని ఒప్పుకొని, మొదటి విచారణ ముగించాడు.

రెండో అనుమానితుడు పక్కింటి లాండ్రీ పెద్దాయన. హోటళ్ళ తెల్లదుప్పట్లు ఉతికి, షెడ్డు గోడ అవతలి సిమెంటు అరుగు మీద పరిచి మడత పెట్టడం ఆయన పని. భూతద్దం చూపు ఆయన బల్ల మీది సీసాపై వాలింది. సీసాలో ఆకుపచ్చని ద్రవం. పరిశోధకుడు దానిని వెలుగుకు ఎత్తి పట్టాడు.

“ఇదేమిటి?”

“సబ్బు.”

“అందరూ అలాగే అంటారు,” అంటూ అతడు మూత తీసి, వేలు ముంచి, వారించేలోపే నాలుకకు రాసుకున్నాడు. మాట్లాడబోయినప్పుడు పెదవుల మధ్య నుంచి ఒక బుడగ పుట్టి, సూర్యకాంతిలో సప్తవర్ణాలు ప్రకాశింపజేసి, పగిలిపోయింది.

“సబ్బే,” అన్నాడు.

“నేను చెప్పానుగా బాబూ.”

“మా బావగారి కారంటే మీకు కోపం ఉందా?”

“పొగ నా దుప్పట్ల మీదకొస్తోందని చెప్తూనే ఉన్నాను. అయితే మాత్రం నీళ్ళెందుకు ఎత్తుకుపోతాను? అంత కోపమొస్తే బండినే తోసేసి వస్తాను.”

“బావగారూ, విన్నారుగా. బెదిరింపు.”

“పెద్దాయనా, మీరేమీ అనుకోకండి,” అని బావగారు అతణ్ణి చొక్కా పట్టుకొని ఇవతలికి లాక్కొచ్చారు.

నిఘా పెట్టాలన్న నిర్ణయం ఆ లాగుడులోనే జరిగింది. శనివారం మధ్యాహ్నం బావగారు కూలెంట్ గీత దాకా నింపి, గ్రంథాలయంవారి బైండింగు పుస్తకాలు ఇచ్చి రావాలి. వెళ్ళి వచ్చి, కారు షెడ్డులో పెట్టి, దుకాణంలోకి పోయినట్టు నటించాలి. భూతద్దం కారులోనే దాక్కొని ఉంటాడు. దొంగ బానెట్ మీద చెయ్యి వేసిన మరుక్షణం న్యాయదేవత కళ్ళు తెరుస్తుంది.

“ఎక్కడ దాక్కుంటావు? అద్దాల్లోంచి కనిపిస్తావుగా,” అన్నారు బావగారు శనివారం పుస్తకాలు ఇచ్చి తిరిగొచ్చి ఇంజను ఆపాక. బానెట్ ఇంకా సెగలు కక్కుతోంది.

“అక్క కూర్చునే సీటు ముందు, కింద ముడుచుకుంటాను. పైన ఏదైనా కప్పుకోవాలి.” భూతద్దం అటూ ఇటూ చూసి, కాళ్ళ కింది రెగ్జిన్ అంచు పట్టుకొని చర్రున ఊడలాగాడు.

బావగారి ప్రాణం అక్కడికక్కడే సగమైంది. “ఒరేయ్, దాన్ని నేను ఎంత పనితనంతో అంటించానో తెలుసా? ఒక్క ముడత లేకుండా.”

“ఒక గొప్ప కార్యం కోసం, బావగారూ. మీరు వెళ్ళండి. పెదవులు కదిపితే నేరస్థుడు పసిగడతాడు.”

బావగారు దుకాణంలోకి వెళ్ళి, కిటికీ పక్కన కూర్చొని, కుట్టని పుస్తకాన్ని కుడుతున్నట్టు వేళ్ళు ఆడించసాగారు. ఆయన మనసు పుస్తకం మీద లేదు. దొంగ రావాలి. ఎవడో ఒకడు రావాలి. ఇంత వయసు వచ్చి, తన వస్తువు దొంగలపాలు కావాలని కోరుకునే దశ పట్టిందేమిటా అని ఆయనకు తనమీద తనకే జాలి కలిగింది.

ఎండ గోడ దిగుతున్న వేళ లాండ్రీ పెద్దాయన మడతపెట్టిన దుప్పట్ల దొంతరను గుండెలకు హత్తుకొని షెడ్డు ముందునుంచి నడిచాడు. ఆయన చేసిన నేరమల్లా దొంతర సరిచేసుకోవడానికి కారు దగ్గర ఒక క్షణం ఆగడమే.

కారు తలుపు ఫెళ్ళున తెరుచుకుంది. రెగ్జిన్‌ను ఉత్తరీయంలా కప్పుకున్న ఆకారమొకటి “కదిలావో అయిపోయావు” అంటూ దూకింది. పెద్దాయన కదలలేదు. కదిలింది దొంతరే. తెల్లని దుప్పట్లు నేలమీద బారుగా పరుచుకున్నాయి. ఆగలేని వేగంలో ఉన్న పరిశోధకుడు వాటి మీదుగా పరిగెత్తి, అరుగు దాకా వెళ్ళి, చుట్టు తిరిగి వచ్చాడు.

బావగారు, వెనకే ఇల్లాలు, బయటికి పరుగెత్తుకొచ్చారు. పెద్దాయన ఉతికిన దుప్పట్లను చూసుకుంటూ నిర్జీవంగా నిలబడ్డాడు. భూతద్దం మాత్రం మోకాళ్ళ మీద కూలబడి, జేబులోంచి అద్దం తీసి, తెల్లబట్ట మీదికి వంగాడు.

“బావగారూ,” అన్నాడు. “పాదముద్రలు. ఆకుపచ్చవి.”

నిజమే. దుప్పటి మీద వరసగా ఆకుపచ్చని అడుగులు.

“బాగా చూడండి. ఎడమకాలు కాస్త బయటికి తిప్పి నడిచే మనిషి. పొట్టివాడే. తొందరపాటు స్వభావం. తెలివి కూడా అంతంతమాత్రమే, లేకపోతే ఇంత స్పష్టమైన ఆధారం వదిలిపోడు. ఇప్పుడు ఈ అడుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దాం.”

అద్దం ముందు, తాను వెనక, అతడు అడుగుల వెంట వెనక్కి పాకాడు. ముగ్గురూ వెంట నడిచారు. అడుగులు దుప్పట్లు దాటి, సిమెంటు దాటి, షెడ్డులోకి మళ్ళి, తెరిచి ఉన్న కారు తలుపు దగ్గర ఆగిపోయాయి.

“దొంగ కారులోంచే దిగాడు,” అని గుసగుసలాడాడు భూతద్దం. “నేను లోపల ఉండగానే. నా పక్కనే. ఎంత గుండె ధైర్యం.”

“ఒరే,” అంది అక్క, “నీ మేజోళ్ళు చూసుకో.”

అతడు చూసుకున్నాడు. అడుగుభాగం పిండితే కారేంత పచ్చగా ఉంది.

బావగారు అప్పటికే మోకరిల్లి కారులోకి వంగారు. రెగ్జిన్ పోయిన చోట కార్పెట్ మీద అరచేయి ఆన్చి నొక్కారు. వేళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చని నీళ్ళు ఉబికాయి. పైన డాష్‌బోర్డు కింద, చలికాలానికి వెచ్చటి గాలి ఇచ్చే హీటరు పెట్టె అంచున ఒక చుక్క రూపుదిద్దుకొని, జారి, ఆయన మణికట్టు మీద పడింది. వెచ్చగా ఉంది. ముక్కుకు దగ్గుమందులాంటి తీపి వాసన తగిలింది.

ఇంజను నీళ్ళు ఆ పెట్టెలోకీ వెళ్ళి వస్తాయి. అక్కడ చిల్లి పడింది. కారినదంతా పెట్టె వెనక గోడ వెంట జారి రెగ్జిన్ అంచు కిందికి దిగితే, కార్పెట్ కింది దట్టమైన పీచు తాగేసింది, పైన తాను ముడత లేకుండా అంటించిన రెగ్జిన్ కప్పేసింది. నేల మీద చుక్క పడకపోవడానికి కారణం ఆయన పనితనమే.

బావగారు తల తిప్పి భార్య వంక చూశారు. కాళ్ళు, అద్దం, వాసన. అన్నీ చెప్పింది. గొడుగు అన్నారు తాను.

ఆమె తన ఒట్టి కాళ్ళ వంక చూసుకుంది.

“లోపలివాళ్ళ పనని ముందే చెప్పాను,” అన్నాడు భూతద్దం, మేజోళ్ళు పిండుకుంటూ.

“బాబూ,” అన్నాడు లాండ్రీ పెద్దాయన, “కేసు తేలిందిగా. ఇక దుప్పట్లు ఎత్తు. ఉతికేది నువ్వే.”

ఆదివారం పొద్దున్న మెకానిక్ వచ్చి, హీటరు పెట్టె విప్పి తీసి, దానికి వెళ్ళే గొట్టాలు రెంటినీ ఒకదానికొకటి కలిపి బిగించాడు. ఇంజను జోలికే పోనక్కర్లేదన్నాడు. మొన్న చెప్పిన మాట ఎవరో వేరేవాళ్ళు చెప్పినట్టు అన్నాడు. చెప్పిన వేళకే పాత ఇనుము మనిషి తోపుడుబండితో దిగి, కారు చుట్టూ ఆశగా ఒక ప్రదక్షిణం చేశాడు. ఇల్లాలే ఎదురెళ్ళి, తుప్పుపట్టిన ఆ హీటరు పెట్టెను అతడి చేతిలో పెట్టింది.

“ఇదేనా అమ్మా? బండి అన్నారు ఫోన్లో.”

“బండిలో పాడైంది ఇదొక్కటేనట,” అందామె.

సాయంత్రం కొండదారి ఎక్కి చూడాలని బయల్దేరారు. ఆరబెట్టిన కార్పెట్ మీద రెగ్జిన్ లేదు. ఇల్లాలు ముందు తలుపు తీసి, పీట వంక అయినా చూడకుండా, చెప్పులతోనే ఎక్కి కూర్చుంది. బావగారు ఆ చెప్పుల వంక చూశారు. నోరు తెరిచారు. తర్వాత మూసుకొని ఇంజను స్టార్టు చేశారు.

కొండ మలుపుల్లో వేడి చూపే ముల్లు మధ్యగీత దాటలేదు. ముందద్దం తేటగా ఉంది. రోజంతా ఉతికి అరచేతులు ముడతలు పడిన పరిశోధకుడు వెనకసీటులోంచి మెడ ముందుకు సాచాడు.

“బావగారూ, నా బూట్లేమో విప్పించారు. అక్క చెప్పులతో కూర్చుంది. ఇందులో ఏదో రహస్యం ఉంది.”

“పరిశోధించరా,” అంది అక్క, కాళ్ళు బారచాపుకొని.