ఆదివారం ఆపకూడని తెర

శనివారం ఉదయం పౌలియాసి పెట్టుకున్న పని చాలా చిన్నది. చర్చి గోడ మీద పాటలు చూపించే లాప్‌టాప్‌లో ఒక్క వరుస రాయాలి, అంతే. గొడుగు కొన తగిలి తెర పగిలినప్పటినుంచి, ఎవరూ ముట్టకుండానే ముట్టినట్టు భ్రమపడి అది పాటలు మార్చేస్తోంది. యంత్రం మొదలయ్యేటప్పుడు ఆ స్పర్శను కనిపెట్టే ప్రోగ్రామును, అంటే డ్రైవర్‌ను, పిలవొద్దని పౌలియాసి రాసేశాడు.

"ఇక ఒక్కసారి ఆపి మళ్ళీ వెయ్యాలత్తా. అప్పుడే మాట వింటుంది."

"సాధన మధ్యలోనా? రేపు పెద్ద పాస్టరుగారొస్తున్నారు. చర్చిలన్నీ కలిసే మహాసభలో ఏ ఊరు పాడాలో ఆయనే తేలుస్తారు. ముట్టుకున్నావంటే చూడు!" అంది, పాటల బృందాన్ని నడిపే అనసేని.

తండ్రి అక్క మాటకు ఎదురు చెప్పడం హాపయి దీవుల్లో లేదు. సాయంత్రం ఆపుదామనుకున్నాడు. సాయంత్రం మర్నాటి విందుకు కట్టేసిన పంది తప్పించుకుంది. ఊరంతా దాని వెనక పరిగెత్తింది, అతనూ పరిగెత్తాడు.

ఆదివారం అక్కడి మర్యాద ప్రకారం నడుముకు చాప చుట్టుకుని చర్చిలో కూర్చున్నాక గుర్తొచ్చింది. లాప్‌టాప్ ఆపే మీట మీద వేలు పెట్టాడు.

"ఆదివారం పనా! తియ్యి చెయ్యి, సిగ్గులేనోడా!" అని కసిరింది అనసేని. ఆదివారం ఏ పనీ చెయ్యకూడదన్నది ఆ ఊరి నియమం.

మొదటి పాట రెండో చరణంలో మాయమై, గోడ మీదికి చావుపాట వచ్చింది. అనసేని మేనల్లుడి వైపు ఉరిమి చూసింది గాని, తాళం వేసే చెయ్యి ఆపలేదు. బృందం అందుకుంది. అది సగంలో పోయి పెళ్ళిపాట వచ్చింది. దాని వెనక తుపానులో పాడేది, ఆ వెనక పసిబిడ్డకు పేరు పెట్టేటప్పుడు పాడేది. శ్రుతి తప్పకుండా నలభైమంది ఒక పాటలోంచి ఇంకో పాటలోకి నడిచిపోతుంటే కిటికీ రెక్కలు అదిరాయి. పౌలియాసి భయపడటం మరిచిపోయాడు. పుట్టినప్పటినుంచి వింటున్న గొంతులే. ఇంత పెద్దవని అప్పుడే తెలిసింది. పెద్ద పాస్టరు లేచి నిలబడ్డాడు. ఆయన లేస్తే ఊరంతా లేచింది.

అంతలో కరెంటు పోయి, వచ్చింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిన లాప్‌టాప్ ఆరిపోయింది.

"నొక్కరా మీట!"

"ఆదివారం కదత్తా?"

"ఆపడం పని. వెయ్యడం ఆరాధన. నొక్కు!"

నొక్కాడు. ఈసారి యంత్రం శనివారం రాసిన మాట విన్నది. మొదటి పాట వచ్చి రాయిలా నిలబడింది. అందరూ ఎదురుచూశారు. అది కదల్లేదు.

పెద్ద పాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. "చావు, పెళ్ళి, తుపాను, పుట్టుక... ఈ వరస ఎవరికి తోచిందమ్మా? మహాసభలో మీరే పాడాలి. సరిగ్గా ఇలాగే పాడాలి. ఆ యంత్రాన్నీ తీసుకురండి."

అనసేని గొంతు తగ్గించింది. "ఒరేయ్, నువ్వు రాసిందేదో చెరిపెయ్యరా."

"ఆదివారం పనా, అత్తా!"

ఆ ఆదివారం ఊరు మొత్తంలో నియమం తప్పి పనిచేసింది పగిలిన తెర ఒక్కటే. మహాసభకు పేరుపెట్టి పిలుపొచ్చిందీ దానికే.