మోటారు షెడ్డుకు తాళం

ఆదివారం డ్యూటీ లేదు. ఆ పూట మోటారు షెడ్డు తలుపుకు తాళం బిగించేసి, వేళకు భోంచేసి, కాసేపు నడుం వాల్చాలని ఆదినారాయణ ముందు రోజే అనుకున్నాడు. అతను బిలాస్‌పూర్ స్టేషన్లో పార్సిల్ గుమస్తా. అంతవరకూ ఏ తలుపుకూ ఏదీ బిగించి ఎరగడు.

ఆ షెడ్డు అతనిది కాదు. సెలవు మీద ఇంగ్లండుకు వెళ్ళిన ఒక దొరగారి బంగళాది. కారు అమ్ముకుని వెళ్ళడంతో అది ఖాళీగా పడి ఉంది. రెండు నెలల క్రితం ఆదినారాయణ తల్లి అప్పయమ్మ ధనిష్ఠా నక్షత్రంలో పోయింది. ఆ నక్షత్రంలో పోతే ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలని, ఈలోగా గడప దాటి లోపలికి వెళ్ళినవాళ్ళకు ప్రాణగండమని పురోహితుడు సూర్యం పంతులు చెప్పాడు. సొంత ఊళ్ళో అయితే తలదాచుకోవడానికి అన్నదమ్ముల ఇళ్ళుంటాయి. రైల్వే క్వార్టర్ల లైన్లలో ఎవరికి వారికి ఒకటే గది. బంగళా తోటమాలిని బతిమాలుకుని, దొరగారు తిరిగి వచ్చేదాకా ఆ షెడ్డులో చేరారు. క్వార్టరుకు తాళం వేస్తే ఖాళీ అనుకుని రైల్వే కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది కనుక ఉత్త గొళ్ళెం పెట్టి వచ్చారు. శాస్త్రం లెక్కన అది మూసిన ఇల్లు, కంపెనీ లెక్కన తెరిచిన ఇల్లు.

చిక్కంతా తండ్రి సింహాచలంతో వచ్చింది. ఆయన రైలుపెట్టెలు బాగుచేసే షాపులో ఫిట్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. భార్య పోయాక మాట తగ్గిపోయింది. కాస్త ఏమరితే చాలు, క్వార్టరు వైపు నడిచేవాడు. మెట్ల మీద కూర్చుని ఉండగా తీసుకొచ్చిన రోజులున్నాయి. లోపలికి కూడా వెళుతున్నాడేమోనని ఆదినారాయణకు అనుమానమే గాని, అవునంటే ఏం చెయ్యాలో తెలియక అడగలేదు. పైగా కోడలు చిన్నమ్మి కడుపుతో ఉంది.

"మావయ్యకి ఏటైనా అయితే నాను తట్టుకోలేనండీ. ఈ ఇంట ఒక చావు చాల్దా?" అని ఆమె రోజూ కళ్ళు తుడుచుకునేది.

అందుకే ఈ తాళం. గోల్ బజార్లో వెతికి, లోపలి నుంచీ బయటి నుంచీ తాళంచెవి పట్టేది కొన్నాడు. చెవి మాత్రం ఒకటే. షెడ్డు తలుపు రెండు రెక్కలది. ఎడమ రెక్క వానలకు ఉబ్బి ఎప్పుడో బిగుసుకుపోయింది. కుడి రెక్కకు తాళం బిగిస్తే సరిపోతుంది.

చిన్నమ్మి తలుపు పట్టుకుంది. సింహాచలం బయట అరుగు మీద కూర్చుని, అడిగిన పనిముట్టు అందించాడు. తాళం మొదట తలకిందులుగా బిగిసింది. దాన్ని విప్పి సరిచేసేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. పై మరమేకు ఒకటి బిగించిన ప్రతిసారీ ఊడి కింద పడింది.

"నాన్నా, ఇలాగేనా?"

సింహాచలం చూశాడు. "ఊఁ" అన్నాడు.

"నువ్వు ఫిట్టరువి. ఒక మాట సెప్పకూడదా?"

"నీ తాళం. నువ్వే బిగించుకో."

ఎలాగో బిగిసింది. ఇక పరీక్ష మిగిలింది. ఆదినారాయణ చిన్నమ్మితో సహా లోపల నిలబడి తలుపు మూశాడు.

"నాన్నా, బయట్నించి చెవి తిప్పు. నాలిక సరిగ్గా పడతందో లేదో సూస్తాను."

చెవి తిరిగింది. ఇనప నాలుక వెళ్ళి ఎడమ రెక్కలో చక్కగా కూర్చుంది.

"అచ్ఛా. పడింది నాన్నా. ఇంక తియ్యి."

బయట చప్పుడు లేదు.

"నాన్నా, తియ్యమంటన్నాను."

తాళం కన్నంలోంచి చూస్తే అరుగు, దాని మీద పనిముట్లు కనిపించాయి. తండ్రి గాని, తాళంచెవి గాని కనిపించలేదు.

గట్టిగా అరుద్దామంటే పక్క బంగళాల్లో దొరలున్నారు. వాళ్ళకు తెలిస్తే తోటమాలి ఉద్యోగం పోతుంది. ఆ తోటమాలి చూస్తే కూతురి ఇంటికని పొద్దున్నే లింగియాడీహ్ వెళ్ళాడు. భార్యాభర్తలు గొంతు తగ్గించి, వంతులవారీగా తాళం కన్నంలోంచి పిలవడం మొదలుపెట్టారు.

ఆ పిలుపు మొదట విన్నది అచ్చియమ్మ. క్వార్టర్లలో వీళ్ళ పక్కింటావిడ. చిన్నమ్మికి పుల్లగా తినాలని ఉంటుందని చింతకాయ పచ్చడి గిన్నెలో పట్టుకొచ్చింది. మూసిన క్వార్టరులో పొద్దుగూకే వేళ దీపం వెలుగుతోందని, అప్పయమ్మ ఇంకా అక్కడే ఉందని లైనంతా చెప్పింది కూడా ఈవిడే.

"పిన్నీ... పిన్నీ..." అంది తలుపు, సన్నగా.

అచ్చియమ్మ ఆగిపోయింది. "ఎవులది?"

"నానే పిన్నీ. తలుపు తియ్యి."

"మనిషివైతే నువ్వే తీసుకుని రా."

"రాలేకపోతన్నాం పిన్నీ. సీకటిగా ఉన్నాది. మావయ్య మమ్మల్ని ఒగ్గేసి ఎల్లిపోనారు."

ఆ మాటలు ఏ ప్రేతమైనా అనదగ్గవే. గిన్నె అక్కడే పడింది. అచ్చియమ్మ వయసు మరిచిపోయి పరుగెత్తింది. దారిలో కనబడిన వాళ్ళందరికీ, అప్పయమ్మ క్వార్టరు విడిచి షెడ్డులో చేరి కోడలి గొంతుతో మాట్లాడుతోందని చెప్పింది. కాసేపటికి సగం లైను వెంటరాగా సూర్యం పంతులు కర్పూరం పట్టుకుని షెడ్డు ముందుకు వచ్చాడు.

"లోపల ఉన్నదెవరు?"

"నేనండీ, ఆదినారాయణని."

"కొడుకు పేరు ఎవరైనా చెబుతారు. నువ్వు ఆదినారాయణవే అయితే, పన్నెండో రోజున నాకు దానమిచ్చిన గొడుగు ఎలాటిదో చెప్పు."

లోపల భార్యాభర్తలు గుసగుసలాడుకున్నారు.

"చిల్లుదండీ. తొందరలో సూసుకోలేదు."

"వీడే" అన్నాడు పంతులు జనం వైపు తిరిగి. "దెయ్యమైతే ఒప్పుకోదు. ఏరా, తాళంచెవి ఏదీ?"

"మా నాన్న పట్టుకెల్లిపోనాడు."

ఎక్కడికని ఎవరూ అడగలేదు. అందరూ క్వార్టరు దారి పట్టారు.

గొళ్ళెం తీసి ఉంది. గదిలో అప్పయమ్మ పడుకునే చోట దీపం వెలుగుతోంది. దాని పక్కన సింహాచలం గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. జనం మెట్ల దగ్గరే ఆగిపోయారు. పంతులు గడప అవతలే నిలబడ్డాడు.

"సింహాచలం, ఆ చెవి ఇలా ఇయ్యి. పిల్లలు ఉడికిపోతున్నారు."

"ఇస్తాను పంతులుగారూ. కాసేపు కూకోనివ్వండి. ఆళ్ళు నా ఎనకాల వొచ్చి ఈ గడప దాటకూడదనే తలుపేశాను. పిల్ల కడుపుతో ఉన్నాది."

"ఆ భయం వాళ్ళకుంటే నీకు లేదూ? లోపలికి వస్తే గండమని చెప్పానా లేదా?"

"సెప్పారు. అందుకే వొస్తన్నాను."

పంతులుకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని కర్పూరం వైపు చూసుకున్నాడు. మెల్లగా అడిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మైల తీరిన కాడ్నించి."

"మరి... ఏమీ కాలేదా?"

"ఒకసారి జలుబు సేసింది. ఆశపడ్డాను. తగ్గిపోనాది."

మెట్ల దగ్గర ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అచ్చియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దెయ్యం దీపమని లైనంతా చెప్పిన మనిషి తనే.

సూర్యం పంతులు అబద్ధం చెప్పే మనిషి కాదు. పెద్దలు చెప్పింది చెప్పేవాడు. ఆ చెప్పినదాన్ని పట్టుకుని ఒకడు రోజూ చావుకోసం నడిచి వస్తాడని ఏ పెద్దా ఆయనకు చెప్పలేదు. పైకప్పు వైపు, గోడ మీద కంపెనీ వేసిన నంబరు వైపు చాలాసేపు చూశాడు.

"సింహాచలం, ఈ దోషం ఇల్లుగలవాడికి కదా. ఇది కంపెనీ ఇల్లు. పడితే ఆ నక్షత్రం కంపెనీకి పట్టాలి. నీకు ఎలా పడుతుందిలే. నేనే సరిగ్గా ఆలోచించలేదు."

సింహాచలం ఆయన మొహంలోకి చూశాడు.

"అయితే ఇన్నాళ్ళూ ఊరికే తిరిగానా పంతులుగారూ?"

ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. పంతులు చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని ఏదో నామం అనుకుని, గడప దాటి లోపలికి వచ్చాడు. దీపం పక్కన కూర్చున్నాడు. ఆరిపోవచ్చిన వత్తిని వేలితో ముందుకు జరిపాడు.

"ఊరికే ఎందుకవుతుంది. ఆవిడకు దీపం పెట్టావు కదా."

ముసలాయన చాలాసేపు ఏడ్చాడు. భార్య పోయాక ఆయన ఏడవడం లైన్లో ఎవరూ చూడలేదు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, మొలలోంచి చెవి తీసి, "పదండి, ఆడికి ఆకలేస్తాది" అని లేచాడు.

షెడ్డు తలుపు తెరుచుకునేసరికి ఆదినారాయణ చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. సంగతి అచ్చియమ్మ చెప్పింది. అతను అరుగు మీది పనిముట్లు తీసి తండ్రికి చోటు చేశాడు. చావుకోసం ఎదురుచూసే మనిషితో రెండు నెలలుగా రోజూ ఒకే వరసలో కూర్చుని అన్నం తిన్నాడు, తనకు తెలియలేదు. చిన్నమ్మి మామగారి చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

"మావయ్యా, దీపం నాను ఎడతాను. మీరు మాత్రం మమ్మల్ని ఒగ్గేసి ఎల్లకండి."

సింహాచలం తల ఊపాడు. కొడుకు బిగించిన తాళాన్ని వేలితో ఒకసారి నొక్కి చూశాడు.

"గట్టిగానే బిగించావురా" అన్నాడు.

సాయంత్రానికి సామానంతా క్వార్టరుకు చేరింది. దీపం చిన్నమ్మి పెట్టింది. పరాయివాళ్ళ తలుపుకు తన తాళం ఉండకూడదని ఆదినారాయణ మళ్ళీ షెడ్డుకు వెళ్ళాడు. బిగించిన ప్రతిసారీ ఊడి పడిన ఆ మరమేకు, ఇప్పుడు ఎంత తిప్పినా రాలేదు.