టీపాయ్ దీక్ష

ఇవాళ టీపాయ్ కదలకుండా నిలబడాలి. ఆదివారం పొద్దున్నే చక్రపాణి అనుకున్నది అదొక్కటే. రిటైరయ్యాక మేడమీది గదిలో కొయ్యను తిప్పి చెక్కే లేత్ మిషన్ పెట్టుకుని ఆయన చేసిన రెండు బల్లలూ ఊగాయి. రెండోదానిమీంచి భార్య నాగేశ్వరి తమ్ముడు కాఫీతో సహా కింద పడ్డాడు.

"ఇదీ ఊగిందంటే ఆ మిషన్‌ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానండీ," అని చెప్పి ఆవిడ దిల్‌సుఖ్‌నగర్ బజారుకు వెళ్ళింది.

మిషన్‌మీద టీపాయ్ కాళ్ళు నున్నగా, ముచ్చటగా వచ్చాయి. పలకకింద తొలిచిన రంధ్రాల్లో జిగురు పోసి వాటిని బిగించాడు. ఎండకు త్వరగా ఆరుతుందని గేటు ముందు పెట్టాడు. పైన బరువు ఉండాలి కనుక తనే కూర్చున్నాడు. అదీ చాలదనిపించి, కింద పోర్షన్‌లో ఉండే ఆటో తిరుపతిని పిలిచాడు.

"ఎంతసేపు సార్?"

"సాయంత్రం దాకా. కదిలితే నా కొంప మునుగుతుంది."

"బండి ఎట్లాగూ రిపేరుకు షెడ్డులనే ఉంది. జర జరుగుండ్రి," అంటూ తిరుపతి పక్కన కూర్చున్నాడు.

ఎదురుగా నెలల తరబడి మూతలేని మురుగుగుంత. పాలపాకెట్‌తో వస్తున్న కాలనీ కార్యదర్శి గంగాధరరావు, చేతులు కట్టుకు కూర్చున్న ఇద్దరినీ, గుంతనూ చూసి ఆగిపోయాడు.

"ఎప్పటిదాకా ఇలా?"

"సాయంత్రం దాకా లేవనండీ."

గంగాధరరావు కళ్ళు చెమర్చాయి. గంటలో షామియానా లేచింది, మెడలో దండలు పడ్డాయి.

"అయ్యో, ఇది టీపాయ్ అండీ!" అన్నాడు చక్రపాణి.

"వేదిక కూడా సొంతంగా చేసుకున్నారు!" అన్నాడు గంగాధరరావు. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరుపతి తల్లి సైదమ్మ టిఫిన్ తెస్తే, దీక్షలో ఉన్నారంటూ జనం అడ్డుపడ్డారు. "దీక్ష ఏంది? పొద్దుగాలకెళ్ళి నా కొడుకు ఏం తినలే!" అని ఆమె అరిచింది. ఆ మాట అరగంటలో వార్డు నాయకుడికి చేరింది. ఆయన నిమ్మరసం గ్లాసులతో పరుగెత్తుకొచ్చాడు.

"లేవండి సార్. నెలాఖరుకు మూత వేయిస్తా."

చక్రపాణి పలక కింద వేలుపెట్టి చూశాడు. తడి జిగురు వేలికి అంటుకుంది. "ఇప్పుడు లేవలేనండీ."

"వారంలో!"

"కుదరదండీ."

నాయకుడు చెమట తుడుచుకున్నాడు. "ఇవాళే వేయిస్తా!" అని ఫోన్ తీశాడు.

అప్పుడే కూరల సంచితో వచ్చిన నాగేశ్వరి, దండతో కూర్చున్న భర్తను చూసి హడలిపోయింది. ఆయన ఆమె చెవిలో నిజం చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, సంచి కింద పెట్టింది.

"ఈ మూల బరువు తక్కువగా ఉంది. జరగండి," అని తనూ కూర్చుంది.

పొద్దు వాలేసరికి గుంతకు మూత పడింది, జిగురు ఆరింది. ముగ్గురూ నిమ్మరసం తాగి లేచారు. నాగేశ్వరి టీపాయ్‌ని రెండు చేతులా పట్టుకుని ఊపింది. కదల్లేదు.

రాత్రి భోజనాల దగ్గర ఎవరో తలుపు తడితే నాగేశ్వరి వెళ్ళి, తిరిగొచ్చింది.

"మిషన్ ఉంచేద్దాం లెండి. పక్కవీధి వాళ్ళొచ్చారు. వాళ్ళకసలు రోడ్డే లేదట, మంచం చెయ్యగలరా అని అడుగుతున్నారు."